ఆడపడుచు ఎవరు, కోడలు ఎవరు?

స్పానిష్ నేర్చుకునేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఒక పట్టిక దగ్గర ఆగిపోతారు. ఎడమవైపు వరసలో ఉబియెరా, ఉబియెరాస్, ఉబియెరా, ఉబియెరామోస్, ఉబియెరాయిస్, ఉబియెరాన్. కుడివైపు వరసలో ఉబియెసె, ఉబియెసెస్, ఉబియెసె, ఉబియెసెమోస్, ఉబియెసెయిస్, ఉబియెసెన్. అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క: రెంటికీ అర్థం ఒకటే, ఏది వాడినా ఒప్పే. నన్ను ఆపింది పట్టిక కాదు, ఆ చిన్న అక్షరాలు.

భాష అంత దుబారా మనిషి కాదు. ఒక అర్థానికి రెండు మాటలుంటే ఓర్చుకుంటుంది. కానీ ఒకే పనికి ఆరేసి రూపాల వరసలు రెండు, అదీ ప్రతి క్రియకూ, వందల ఏళ్లపాటు మోసుకు తిరగడం దాని స్వభావం కాదు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు రాజుకుంటున్నాయంటే ఆ ఇంట్లో ఎప్పుడో ఏదో జరిగిందన్నమాట. ఒకరు ఈ ఇంటి ఆడపడుచు అయితే రెండోవారు ఏ ఊరినుంచో వచ్చిన కోడలై ఉండాలి. ఎవరు ఎవరో తేలాలి. కోడలు ఏ గుమ్మంలోంచి అడుగుపెట్టిందో కూడా తేలాలి.

ముందు ఆ పొయ్యిల మీద వండుతున్నదేమిటో చూద్దాం. స్పానిష్ క్రియ రెండు తీరుల్లో నడుస్తుంది. జరిగింది, జరుగుతోంది అని గట్టిగా చెప్పే తీరు ఒకటి. అనుమానం, కోరిక, భయం, ‘అయి ఉంటే’ అనే ఊహ, వీటి నీడలో చెప్పే తీరు మరొకటి. మొదటిదాన్ని నిశ్చయార్థకం అనుకుందాం. ఇంగ్లీషు వ్యాకరణాలు సబ్జంక్టివ్ అని పిలిచే రెండోదాన్ని ఊహార్థకం అనుకుందాం. ఈ ఊహార్థకంలో జరిగిపోయినదాని గురించి మాట్లాడాలంటే క్రియ ఒంటరిగా నడవదు. అబేర్ అనే సహాయక క్రియ ముందుకొస్తుంది, అసలు క్రియ దాని వెనక చేరుతుంది. తినడం కొమెర్, తిన్నది కొమిదో. మాట్లాడటం అబ్లార్, మాట్లాడినది అబ్లాదో. చూడటానికి వీస్తో, చేయడానికి ఏచో, చెప్పడానికి దీచో లాంటి మొండిఘటాలను కంఠతా పట్టాల్సిందే.

వాడు ఈపాటికి తిని ఉంటాడని నేను అనుకోవడం లేదు: ‘నో క్రేయో కె ఆయా కొమిదో’. ఇక్కడ ఆయా అనేది అబేర్‌కు వర్తమాన ఊహార్థక రూపం. ఇదే సంగతి నిన్నటిదైతే, అంటే వాడు తిని ఉంటాడని నేను అనుకోలేదు అనాలంటే, ఆయా తప్పుకుని ఉబియెరా వస్తుంది: ‘నో క్రెయీయా కె ఉబియెరా కొమిదో’. ఇంతవరకూ పేచీ లేదు. అసలు రుచి ‘అయి ఉంటే’ వాక్యంలో ఉంది. ‘సి లో ఉబియెరా సబీదో, అబ్రియా వెనీదో.’ తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి. తెలియలేదు, రాలేదు. జరగని రెండు సంగతులను ఒకదాని భుజం మీద ఒకటి నిలబెట్టే వాక్యమిది. దయ్యాన్ని చూసినవాడిలా పాలిపోయాడు అనడానికీ ఉబియెరాయే, నిన్న వాన పడి ఉంటే ఎంత బాగుండేది అని వాపోవడానికీ ఉబియెరాయే.

వీటన్నిటిలో ఉబియెరా తీసి ఉబియెసె పెట్టినా ఎవరూ ఏమీ అనరు. ఒకటి రెండు చోట్ల మాత్రం అంటారు. ఆ చోట్ల సంగతి తర్వాత. పరిశోధకుడికి పనికొచ్చేవి ఎప్పుడూ మినహాయింపులే కనుక వాటిని మరచిపోకండి.

మొదటి ఆధారం బడిపిల్లల చేతిలోనే ఉంది. ఉబియెరా తయారుచేయడానికి పంతుళ్లు చెప్పే కిటుకు ఇది: ‘వాళ్లు చేశారు’ అనే భూతకాల రూపం తీసుకో, చివర రోన్ కొట్టెయ్, దాని బదులు రా గానీ సె గానీ తగిలించు. తువియెరోన్ అంటే వాళ్ల దగ్గర ఉండింది. దాన్నుంచి తువియెరా, తువియెసె. దిహెరోన్ అంటే చెప్పారు. దాన్నుంచి దిహెరా, దిహెసె. ఫ్వెరోన్ అంటే ‘వెళ్లారు’ అనీ ‘అయ్యారు’ అనీ రెండర్థాలు. అందుకే ఫ్వెరాకూ ఆ రెండర్థాలూ ఉన్నాయి. ఈ కిటుకు ఒక్క క్రియకూ తప్పదు. స్పానిష్‌లో తిక్క క్రియలు బోలెడు. అలాంటి భాషలో మినహాయింపే లేని సూత్రం కనిపిస్తే సంతోషించి ఊరుకోకూడదు, అనుమానించాలి.

ఎందుకంటే ఇది వింతగా లేదూ? జరగనిదాన్ని, సందేహంలో ఉన్నదాన్ని చెప్పే రూపం వర్తమానం మీదో భవిష్యత్తు మీదో కట్టి ఉండాలి. కచ్చితంగా జరిగి ముగిసిపోయినదాన్ని చెప్పే మొద్దు మీద కట్టారేమిటి? పైగా రెండు వరసలూ అదే మొద్దు మీద.

లాటిన్ తెరిస్తే సమాధానం దొరుకుతుంది. లాటిన్ క్రియకు ముగిసిన పనిని చెప్పే మొద్దు ఒకటి విడిగా ఉండేది, దానికి పెద్ద కుటుంబం ఉండేది. ప్రేమించాను అంటే అమావి. అప్పటికే ప్రేమించి ఉన్నాను, అంటే గతానికి ముందటి గతం, అమావెరం. అదే ముందటి గతం ఊహార్థకంలో అమావిస్సెం. రోమన్లు బతికుండగానే ఈ పొడుగు రూపాలు నోటిలో అరిగి అమారం, అమాస్సెం అయ్యాయి. చివరి మ్ కూడా రాలితే మిగిలేది అమారా, అమాసె. స్పానిష్‌లో ఈనాటికీ అవే రూపాలు. అలాగే అబేర్ తల్లి హబేరే: హబువెరం నుంచి ఉబియెరా, హబువిస్సెం నుంచి ఉబియెసె.

దీంతో సగం ముడి వీడింది. ఉబియెసె పుట్టుకతోనే ఊహార్థకం. రెండు వేల ఏళ్ల కిందట కూడా ‘అయి ఉంటే’ వాక్యాల్లో ఉండేది. అది ఆడపడుచు. ఉబియెరా మాత్రం పుట్టుకతో నిశ్చయార్థకం. యుద్ధం అప్పటికే ముగిసి ఉంది, ఓడ అప్పటికే వెళ్లిపోయి ఉంది అని చెప్పే నికార్సయిన వాస్తవాల ఇంటి పిల్ల. అలాంటిది జరగనివాటి ఇంటికి కోడలుగా ఎలా వచ్చింది? వచ్చి తాళాల గుత్తి ఎలా కొంగున ముడేసుకుంది? ఎందుకంటే ఇవాళ వీధిలో వినిపించేది ఎక్కువగా ఉబియెరాయే. అమెరికా ఖండాల స్పానిష్‌లో ఉబియెసె చాలామటుకు పుస్తకాలకే పరిమితం. స్పెయిన్‌లో ఇంకా నోట్లో ఆడుతుంది గానీ అక్కడా పెద్దపీట ఉబియెరాదే.

పిల్ల సంగతి తెలియాలంటే బంధువుల ఇళ్లకు వెళ్లాలి. పడమటి గుమ్మం పోర్చుగల్. అక్కడ కొంప్రారా అంటే ఇప్పటికీ ‘అప్పటికే కొని ఉన్నాడు’ అనే. మాటల్లో తగ్గిపోయింది గానీ నవలల్లో, పత్రికల్లో నిక్షేపంగా ఉంది. పోర్చుగీసువాళ్లకు ఊహార్థకం కావలసి వచ్చినప్పుడు సె రూపం ఒక్కటే. దానికి పైన ఉన్న గలీసియాలో అయితే రా రూపం రోజువారీ మాటల్లో ముందటి గతానికే వాడతారు. అంటే పక్కింట్లోనే ఈ పిల్ల పెళ్లి కాకుండా పుట్టింటి పేరుతోనే ఉంది.

తూర్పుకు వెళితే ఫ్రెంచ్, ఇటాలియన్. ఈ రెండు భాషల్లోనూ ఊహార్థకానికి నిలిచింది సె రూపపు తోబుట్టువే. అక్కడ రెండు పొయ్యిల తగాదా లేదు. ఇంకా తూర్పుకు, లాటిన్ సంతానంలో ఆ కొసన ఉన్న రుమేనియన్‌కు వెళితే నవ్వొస్తుంది. అక్కడ కింతాసెం అంటే ‘అప్పటికే పాడి ఉన్నాను’. మన సె రూపమే! ఊహల ఇంట పుట్టిన ఆడపడుచు రుమేనియాలో వాస్తవాల ఇంటికి కోడలైంది. స్పానిష్ పుట్టిన కస్తీలియాలో సరిగ్గా దానికి ఎదురు. ఒకే కుటుంబం, రెండు కొసలు, కుండమార్పిడి పెళ్లిళ్లు.

ఈ సాక్ష్యాల వల్ల తేలిందేమిటి? రా రూపం ఊహార్థకం కావడం లాటిన్‌లో అందరికీ కలిపి జరిగిన మార్పు కాదు. ఐబీరియా మధ్యలో, కస్తీలియన్ మాటల్లో, లాటిన్ చీలిపోయాక జరిగింది. అయితే ఒక చిన్న గొంతు వేరే రాగం తీస్తుంది. పాత ఇటాలియన్ కవిత్వంలో ఫోరా అనే మాట ఉంది, అర్థం ‘అయ్యేది’. దక్షిణ ఫ్రాన్సు పాత ఆక్సితాన్ భాషలోనూ ఈ రా రూపం పిల్లలు ‘చేసేవాణ్ణి’ అనే అర్థంలో తిరిగేవి. పోర్చుగీసులోనే ‘కెం మె దేరా’ అని ఒక నిట్టూర్పు ఉంది: నాకెవరైనా ఇచ్చి ఉంటేనా అని, అంటే అలా జరిగితే ఎంత బాగుండు అని. అందులోని దేరా ముందటి గతపు రూపమే. కాబట్టి పెళ్లి కస్తీలియాలో జరిగినా, చూపులు కలవడం అంతకుముందే ఎక్కడో మొదలైంది. ఎక్కడ?

తేదీల కోసం పాత ప్రతి ఒకటి చూడాలి. మాద్రిద్ జాతీయ గ్రంథాలయంలో మియో సిద్ వీరగాథ ప్రతి ఉంది. మొదటి ఆకు పోయింది. ఉన్నవి 3,700కు పైగా పాదాలు. చివర పేర్ అబ్బత్ అనే పేరు, 1245వ సంవత్సరం మే నెల అనే తేదీ ఉన్నాయి. ఆ లెక్క మన క్రీస్తు శకం కాదు. అప్పటి స్పెయిన్‌లో నడిచిన శకం మన శకానికి 38 ఏళ్లు ముందుంటుంది. తీసేస్తే 1207. మనకు మిగిలిన ప్రతి మాత్రం దానికి 14వ శతాబ్దపు నకలు. రామోన్ మెనెందెజ్ పిదాల్ 1908 నుంచి 1911 దాకా ఈ గాథను పాఠం, వ్యాకరణం, పదకోశం సహా అచ్చువేసి భాషా చరిత్రకారుల బల్లమీద పెట్టాడు. అందులో రా రూపం ప్రధానంగా ఏ అర్థంలో ఉంది? పుట్టింటి అర్థంలోనే. వచ్చి ఉన్నాడు, గెలిచి ఉన్నాడు. ‘అయి ఉంటే’ వాక్యంలో ‘ఉంటే’ సగంలో కనిపించేది సె రూపం.

అంటే 1200 ప్రాంతానికి ఇల్లు ఇంకా ఆడపడుచుదే. 1600 దాటి డాన్ కిహోతె కాలానికి, అంటే ఆ నవల రెండు భాగాలూ వెలువడిన 1605, 1615 నాటికి, సెర్వాంతెస్ ‘ఉంటే’ సగంలోనూ రా వాడతాడు, సె కూడా వాడతాడు. నడుమ ఉన్న నాలుగు వందల ఏళ్లలో పెళ్లి జరిగింది.

ఇక గుమ్మం సంగతి. ఇందాక దాచిపెట్టమన్న మినహాయింపులు ఇప్పుడు తీయండి. ‘అయి ఉంటే’ వాక్యానికి రెండు సగాలు: తెలిసి ఉంటే, వచ్చి ఉండేవాణ్ణి. మొదటి సగంలో ఉబియెరా, ఉబియెసె సమానం. రెండో సగంలో? అబ్రియా వాడవచ్చు, దాని బదులు ఉబియెరా కూడా వాడవచ్చు. ఉబియెసె పెడితే మాత్రం సంప్రదాయ వ్యాకర్తలు మొహం చిట్లిస్తారు. నోటి మాటలో దొర్లుతుంది, కాదనను. కానీ మర్యాదగా రాసేవాళ్లు పెట్టరు. ఇంకొకటి. అంగడికి వెళ్లి నాకు ఫలానాది కావాలండీ అని నమ్రతగా అడగాలంటే కిసియెరా అంటారు. కోరుకునేవాణ్ణి అనే ధోరణి. అదే మాటను కిసియెసె అని ఎవరూ అడగరు. ఈ కిసియెరా కూడా అసలు రెండో సగమే: మీకు వీలైతే, నేను కోరుకునేవాణ్ణి. వీలైతే అన్న మొదటి సగాన్ని మింగేశారంతే.

రా రూపం మాత్రమే కూర్చోగల కుర్చీలన్నీ రెండో సగంలోనే ఉన్నాయి. కోడలు అడుగుపెట్టిన గుమ్మం అదే. ‘ఉంటే’ గుమ్మం కాదు, ‘ఉండేవాణ్ణి’ గుమ్మం. పాత ఇటాలియన్ ఫోరా, ఆక్సితాన్ రూపాలు రెండూ ఆ వైపే వేలు చూపుతున్నాయి కదా.

కానీ వాస్తవం చెప్పే రూపం జరగనిదాన్ని చెప్పే ఆ గుమ్మంలోకి ఎందుకు వెళ్లింది? దీనికి సాక్షి రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ కవి హొరేస్. తన పొలంలో ఒకసారి చెట్టు విరిగి నెత్తిన పడబోయింది. తప్పించుకున్నాడు. ఆ గండం గడిచిన మార్చి 1ని ఏటా పండుగ చేసుకున్నాడు, ఒకటికి నాలుగుసార్లు పద్యాల్లోకి ఎక్కించాడు. అందులో ఒకచోట ఫానస్ దేవుడు ఆ దెబ్బను చేత్తో తప్పించకపోయి ఉంటే చెట్టు తనను తీసుకుపోయి ఉండేది అంటాడు. బడి వ్యాకరణం ప్రకారం రెండు సగాల్లోనూ ముందటి గతపు ఊహార్థకమే, అంటే అమావిస్సెం తరహా రూపమే ఉండాలి. తప్పించకపోయి ఉంటే అన్న సగంలో అలాగే పెట్టాడు. రెండో సగంలో మాత్రం మొండిగా నిశ్చయార్థకం పెట్టాడు, అమావెరం తరహాలో. మాటకు మాట తీస్తే: దేవుడు తప్పించకపోయి ఉంటే, చెట్టు నన్ను తీసుకుపోయింది!

తెలుగువాడికి ఇది వివరించనక్కర్లేదు. బస్సు మెట్టు మీద కాలు జారితే పక్కవాడు చొక్కా పట్టి లాగాడనుకోండి. గుండె దడదడలాడుతుంటే మన నోటివెంట వచ్చేదేమిటి? ‘నువ్వు పట్టుకోకపోతే పోయానే!’ పోయేవాణ్ణి అనం, పోయాను అంటాం. పోలేదు, నిలబడి మాట్లాడుతూనే ఉన్నాం. అయినా గండం ఎంత దగ్గరగా వచ్చి వెళ్లిందో చెప్పడానికి జరిగినదాని రూపమే కావాలి. హొరేస్ చెట్టు కింద అన్నదీ, మనం బస్సు మెట్టు మీద అన్నదీ ఒకటే వాక్యం.

లాటిన్ రచయితల్లో ఈ పోకడ హొరేస్ ఒక్కడిది కాదు, అక్కడక్కడా కనబడుతూనే ఉంటుంది. ఉద్వేగంతో మొదలైన ప్రయోగం రోజూ వాడితే అరిగి మామూలైపోతుంది. పోయానే అన్నది క్రమంగా పోయేవాణ్ణి అయింది. వాస్తవపు రూపం అలా ‘ఉండేవాణ్ణి’ గదిలో స్థిరపడింది. మధ్యయుగపు కస్తీలియన్‌లో ‘నా దగ్గర ఉంటే ఇచ్చేవాణ్ణి’ వాక్యం మొదటి సగంలో తువియెసె, రెండో సగంలో దియెరా. ఆడపడుచు ముందు గదిలో, కోడలు వెనక గదిలో. కొన్ని తరాలు అలా గడిచాక కోడలు ముందు గదిలోకీ వచ్చింది: తువియెరా, దియెరా. రెండు సగాలు ప్రాసలా మోగుతుంటే నోటికి హాయి. అలా రా రూపం ‘ఉంటే’ వైపు వచ్చేసరికి సెకూ దానికీ తేడా చెరిగిపోయింది. అక్కడినుంచి మిగతా ఊహార్థకపు చోట్లన్నీ, నమ్మలేదు, భయపడ్డాడు, కోరుకున్నాడు అన్న మాటల తర్వాతివన్నీ, ఒక్కొక్కటే దాని చేతికి వచ్చాయి. పట్టికలో రెండు వరసలు పడింది ఇలాగే.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. ‘చిన్నప్పుడు రోజూ చెరువుకు వెళ్లేవాణ్ణి.’ ‘కబురు పెట్టి ఉంటే వెళ్లేవాణ్ణి.’ రెండింటిలోనూ వెళ్లేవాణ్ణి ఒకటే. మొదటిది వందసార్లు జరిగింది, రెండోది ఒక్కసారీ జరగలేదు. గతాన్ని చెప్పే రూపం చేతికందని దూరాన్ని చెప్పడానికి ఎంత తేలిగ్గా ఒరుగుతుందో చూడండి. మన పాత వ్యాకరణంలో ఇంకా లోతుగా ఉందిది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం చెప్పే చేదర్థకం, అంటే ‘అయితే’ అనే అర్థం, ‘వచ్చినన్’ అని ఉంటుంది. జరిగిపోయినదాన్ని చెప్పే ‘వచ్చిన’కూ దానికీ పోలిక కొట్టొచ్చినట్టుంది. లాటిన్‌కూ తెలుగుకూ చుట్టరికం లేదు. పోలిక మనుషుల బుర్రల్లో ఉంది.

ఇప్పుడు అబేర్ జోడింపు సంగతి మిగిలింది. అమారా, అమాసె రెండూ పుట్టుకతో ముందటి గతాలే అయితే ప్రేమించి ఉంటే అనడానికి అవే చాలాలి కదా, ఉబియెరా అమాదో అని ఇంకో మాట ఎందుకు మోయాలి?

జవాబు కుర్చీలాటలో ఉంది. లాటిన్‌లో మామూలు భూతకాలపు ఊహార్థకం అమారెం. చివరి అక్షరాలు రాలిపోయేసరికి ప్రేమించడం అనే అమారేకూ దానికీ తేడా లేకుండా పోయింది. ఒక్క సార్డీనియా ద్వీపం తప్ప మిగతా చోట్ల దాదాపు అంతటా అది ఆట నుంచి తప్పుకుంది. దాని ఖాళీ కుర్చీలో అమాసె కూర్చుంది, తర్వాత అమారా కూడా. అందుకే ఇవాళ ‘సి తువియెరా దినేరో’ అంటే ‘నిన్న డబ్బుండి ఉంటే’ కాదు, ‘ఇప్పుడు డబ్బుంటే’. ముందటి గతం వర్తమానపు ఊహలోకి జరిగి కూర్చుంది. నిజంగా నిన్నటి ఊహ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ ఖాళీని నింపింది అబేర్. దాని పాత అర్థం ‘పట్టుకుని ఉండటం’. రోమన్లు ‘రాసిన ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి’ అనే ధోరణిలో వాడే వాక్యం నెమ్మదిగా ‘ఉత్తరాలు రాసి ఉన్నాను’ అయింది. దీనికి సాక్ష్యం పాత స్పానిష్‌లో ఉంది: వెనక వచ్చే మాట ఉత్తరాల లింగవచనాలను బట్టి మారుతుండేది, అంటే ఇంకా ఉత్తరాలకే విశేషణం. తర్వాత మారడం మానేసింది. ఇవాళ ఎవరు ఎన్ని రాసినా ఎస్క్రీతో ఒక్కటే. వెళ్లడం, రావడం లాంటి క్రియలకు ఒకప్పుడు అబేర్ బదులు ‘ఉండటం’ అనే సేర్ వాడేవాళ్లు, అదీ పోయింది. వస్తువులు దగ్గరుండటం చెప్పే పనిని తెనేర్‌కు అప్పగించి, అబేర్ పూర్తికాలపు సహాయకుడైంది. తెలుగు చేసిన పనీ ఇదే: ‘వచ్చి’ అనే క్త్వార్థకానికి ‘ఉండు’ను జోడించి, దాని చేదర్థకం తెచ్చి ‘వచ్చి ఉంటే’ కట్టింది. వాళ్లది పట్టుకోవడం, మనది ఉండటం, అంతే తేడా.

కాబట్టి ఉబియెరా కొమిదోలో గతం రెండుసార్లు ఉంది. ఉబియెరా ఎముకల్లో హబువెరం అనే ముందటి గతం ఉంది, అది ఎవరికీ వినబడటం మానేశాక కొమిదో మళ్లీ గతాన్ని తెచ్చిపెట్టింది. మనవాళ్లు సెంటర్‌లో ‘నడి’ వినబడక నడిసెంటర్ అనలేదూ, అలాగే.

ఒక దారి తప్పించే ఆధారాన్నీ చెప్పాలి. ఊహార్థకం రాగానే స్పానిష్ పిల్లలకు గుర్తొచ్చే మాట ఒహలా. ఒహలా ఉబియెరా వెనీదో: వచ్చి ఉంటే ఎంత బాగుండేది. ఈ మాట అరబిక్ నుంచి వచ్చింది, లవ్ షా అల్లా నుంచి. హైదరాబాద్ వీధుల్లో రోజూ వినే ఇన్షా అల్లాకు దగ్గరి చుట్టం. తేడా మొదటి మాటలో ఉంది: అరబిక్‌లో ‘ఇన్’ జరగవచ్చేదానికి వేసే ‘అయితే’, ‘లవ్’ చేతికందనిదానికి వేసే ‘అయితే’. ఇది చూసి రా రూపపు మార్పులోనూ అరబిక్ చెయ్యి ఉందనుకోవడానికి మనసు లాగుతుంది. 711 నుంచి 1492 దాకా కలిసి బతికినవాళ్లు కదా. కానీ ఆ వాదన నిలవదు. గుమ్మం హొరేస్ నాటికే తెరుచుకుని ఉంది. అరబిక్ ఇచ్చింది నిట్టూర్పు మాటను, క్రియారూపాన్ని కాదు.

ఆఖరి సాక్ష్యం ఇవాళ్టి వార్తాపత్రికల్లో దొరుకుతుంది. ఒకప్పటి అధ్యక్షుడు అనడానికి స్పానిష్ విలేకరులు ‘ఎల్ కె ఫ్వెరా ప్రెసిదెంతే’ అని రాస్తారు. ఇక్కడ ఫ్వెరాలో అనుమానం లేదు, కోరిక లేదు; ఆయన నిజంగానే అధ్యక్షుడిగా ఉండేవాడు. కోడలు మధ్యాహ్నం పూట పుట్టింటి చీర కట్టుకుని కూర్చున్నట్టుంది. ఈ పాత అర్థాన్ని దాదాపు చచ్చిపోయాక 18వ శతాబ్దం చివర్లో పాత పుస్తకాల మీద మోజున్న రచయితలు తవ్వి తీశారు, తర్వాత వచ్చిన కాల్పనిక కవులు ఊరంతా పంచారు. 1847లో చిలీలో తన వ్యాకరణం అచ్చువేసిన ఆంద్రేస్ బెయ్యోకు ఇది బొత్తిగా నచ్చలేదు. అయోమయం తెచ్చే పాతకాలపు వాసన, మానేయండి అని ఆయన వాదం. వాళ్లు మానలేదు. నా మట్టుకు బెయ్యో వైపే ఓటు, కానీ ఈ కేసులో ఆ విలేకరుల మొండితనం నాకు పనికొచ్చిందని ఒప్పుకోవాలి. పుట్టింటి పేరు ఇంకా పలుకుతున్న సాక్షి వాళ్ల వాక్యమే.

ఇంట్లో మూడో మనిషి కూడా ఉండేది: ఉబియెరె, భవిష్యత్తు ఊహార్థకం. దాని గది మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు చట్టాల్లో, కోర్టు కాగితాల్లో మాత్రం బతుకుతోంది. దాని కథ వేరు.

పరీక్షకు చదువుకునేవాళ్లకు ఒక్క మాట. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు ఉబియెరా ఒక్కటి పట్టుకోండి, ఎక్కడా ఇబ్బంది రాదు. చదివేటప్పుడు ఉబియెసె కనిపిస్తే బెదరకండి. ‘ఉండేవాణ్ణి’ సగంలో అబ్రియా గానీ ఉబియెరా గానీ పెట్టండి, ఆడపడుచును అక్కడికి లాగకండి. మాద్రిద్‌లోనైనా లీమాలోనైనా కాఫీ అడిగేటప్పుడు మాత్రం కిసియెరా అనే అడగండి. కిసియెసె అంటే కాఫీ వస్తుంది, కానీ తెచ్చేవాడు మీ మొహం ఒకసారి చూసి మరీ పెట్టి వెళ్తాడు.